గ్లాసు తొణకని చేను

అతని అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. అందరికీ అతను రసమట్టం. గోడ తిన్నగా లేచిందో లేదో చూడ్డానికి తాపీమేస్త్రీలు ఆనించి చూస్తారే, మధ్యలో బుడగ ఉండే సాధనం, ఆ పేరే ఇతనికి తగిలించేశారు. ఊరికే తగిలించలేదు మరి. ఎవరింటికైనా వెళ్తే కుర్చీలో కూర్చోకముందే, "మీ గడియారం ఎడమపక్కకి వాలింది" అనేవాడు. అని ఊరుకుంటాడా? లేచి వెళ్లి సర్దేవాడు. హోటల్లో బల్ల కాస్త ఊగిందంటే, కాగితం మడిచి దాని కాలి కింద దోపేదాకా కాఫీ గొంతు దిగేది కాదు. "దుప్పటి అంచులు మంచానికి రెండువైపులా సమానంగా వేలాడకపోతే ఈయనకి నిద్రపట్టదు. ఇన్నేళ్లు భరించినందుకు నాకో పతకం ఇవ్వాలి" అని భార్య వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేది.

అలాంటి మనిషి ఇరవయ్యారేళ్లు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బుల్‌డోజర్ నడిపాడు. పైనున్న పొలం మట్టి గీసేయడం, కింద బండలు పేల్చాక వాటిని పక్కకి నెట్టడం, బొగ్గంతా ఎత్తుకుపోయాక మళ్లీ ఆ గొయ్యి పూడ్చి చదును చేయడం. మొదటి రెండూ ఎవడైనా చేస్తాడని అతని ఉద్దేశం. చదును చేయడమే అసలు పని. అది పూర్తయిన రోజు ఒక ఫీటు చేసేవాడు. మిషన్ బానెట్ మీద తువ్వాలు మడిచి వేసి, దాని మీద గాజు గ్లాసులో వేలెడు తక్కువగా నీళ్లు పోసి పెట్టి, చేను ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపేవాడు. చుక్క తొణికేది కాదు. కూలీలూ, టిప్పర్ డ్రైవర్లూ ఈలలు వేసేవాళ్లు. అతను మాత్రం దిగి, ఆ నీళ్లు గటగటా తాగేసి, ఏమీ ఎరగనట్టు మూతి తుడుచుకునేవాడు. లోపల ఎంత పొంగిపోయేవాడో అతనికే తెలియాలి.

ఆ పొంగే కొంప ముంచింది.

రసమట్టానికి ఒక్కతే అక్క. అక్కకీ బావకీ కలిపి నాలుగెకరాల చేను. పైన మూరెడు నల్లమట్టి, కింద నిలువెత్తు ఎర్రమట్టి. నిలబడి చూస్తూ ఉండగానే మొక్క ఎదుగుతుందని బావ గొప్పలు పోయే నేల. గని ఆ వైపుకి జరిగినప్పుడు చుట్టుపక్కల పదకొండు చేలతోపాటు దాన్నీ తీసుకున్నారు. తీసుకోవడమంటే కొనుక్కోవడం కాదు. బొగ్గు తవ్వుకున్నాక గొయ్యి పూడ్చి, మట్టి పరిచి, ముందెలా ఉండేదో అలాగే సాగుభూమిగా చేసి అప్పగిస్తామని కంపెనీ కాగితం రాసిచ్చింది. అక్క కాగితాన్ని నమ్మలేదు. తమ్ముణ్ణి నమ్మింది.

"నేనే గీస్తానక్కా, నేనే పరుస్తాను. నల్లమట్టి వేరు, ఎర్రమట్టి వేరు, రెండు కుప్పలు పోస్తాను. నీ మట్టి చారెడు కూడా ఎటూ పోదు" అన్నాడు రసమట్టం.

"నువ్వున్నావనే సరేనంటున్నాను రా. వీళ్ల మొహాలు చూసి కాదు" అంది అక్క.

మాట నిలబెట్టుకున్నాడు, ఆ సంగతి ఒప్పుకోవాలి. తొమ్మిదేళ్లు ఆ రెండు కుప్పల్నీ కంటికి రెప్పలా కాచుకున్నాడు. ఆఫీసు ముందు పూలమొక్కలకి నల్లమట్టి కావాలని ఒకసారి లారీ వస్తే, బ్లేడు అడ్డం పెట్టి వెనక్కి తోలాడు. ఆ తొమ్మిదేళ్లూ అక్కా బావా గని కాలనీ వెనక వీధిలో రెండు గదుల అద్దింట్లో ఉన్నారు. బావ గోదాములో బస్తాలు మోసేవాడు. సాయంత్రం గుమ్మంలో చతికిలబడి, నడుం పట్టుకుని కూడా ఎగతాళి మానేవాడు కాదు. "ఏవోయ్ బావమరిదీ, నా చేను ఇవాళ ఎంత లోతుకి దిగింది? ఇంకాస్త తవ్వండి, భూమికి అటుపక్క తేలుతుంది. మేం అటెళ్లి దున్నుకుంటాం."

బొగ్గు అయిపోయింది. గొయ్యి పూడ్చడం మొదలైంది. అడుగున బండలు, వాటి మీద ఎర్రమట్టి, ఆ పైన నల్లమట్టి. ఏది ఎక్కడుండాలో అక్కడే. టిప్పర్లు పోసి వెళ్లిన మట్టిని రసమట్టం జానెడు మందాన పరిచి, దాని మీద మిషన్ అటూ ఇటూ తొక్కించి, మళ్లీ జానెడు పరిచి, మళ్లీ తొక్కించి, అలా అలా పైదాకా వచ్చాడు. వానలు పట్టుకున్నాయి. అయినా ఆపలేదు. మిగతా చేలకి నాలుగేసి సార్లు తొక్కించాడు. ఇది అక్క చేను కదా, పది సార్లు తొక్కించాడు. సైట్ మేనేజరు గట్టు మీద నిలబడి, "బాగా తొక్కించవయ్యా, రేపు కుంగిందంటే మాట మనకొస్తుంది" అని ఎగదోసేవాడు. ఆయన్ని పనివాళ్లు చాటుగా ఇస్త్రీ అనేవాళ్లు. రోజంతా బొగ్గుదుమ్ములో తిరిగినా చొక్కా మడత నలిగేది కాదు. ఎందుకు నలుగుతుంది, మడత నలిగే పని ఒక్కటైనా చేస్తేగా!

చివరి రోజు గ్లాసు నడిచింది. నాలుగెకరాల పొడుగునా చుక్క తొణకలేదు. బావ చప్పట్లు కొట్టాడు. అక్క కళ్లు తుడుచుకుంది. ఇస్త్రీ ఫోటో తీయించి, ఫ్రేము కట్టించి, తన కుర్చీ వెనక గోడకి తగిలించాడు. బానెట్ మీద గ్లాసు, సీట్లో రసమట్టం, కింద అద్దంలాంటి నేల.

అప్పట్నుంచి రెండేళ్లు ఆ నేలని కంపెనీయే చూసుకోవాలి. ఆ తర్వాత భూముల శాఖ నుంచి ఆఫీసరు వచ్చి తనిఖీ చేసి, పూర్వంలాగే సాగుకి పనికొస్తుందని రాసి సంతకం పెడితే కంపెనీ చేతులు దులుపుకుంటుంది. ఇంక ఆ నేల మీద ఏ బాధ్యతా ఉండదు. ముందుగా పూడ్చిన పదకొండు చేలూ అలాగే, తనిఖీ రోజు రసమట్టం మళ్లీ గ్లాసు నడిపి చూపించాక, ఒక్కొక్కటే సంతకాలు పడి వెళ్లిపోయాయి. అక్కది ఆఖరిది. కంపెనీ దాని మీద గడ్డి చల్లించింది, ట్యాంకర్లతో నీళ్లు కొట్టించింది, ఎరువు జల్లించింది. రోడ్డు మీంచి చూస్తే కళ్లు చల్లబడేంత పచ్చగా ఉండేది. ఒక మూల పావెకరంలో మొక్కజొన్న వేసుకుంటామని అక్క అడిగితే, వేసుకోమన్నారు.

తనిఖీకి ఇంకా నెల ఉందనగా, ఓ ఆదివారం పొద్దున రసమట్టం బల్ల దగ్గర కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. సగం మొహాన సబ్బు నురగ ఉంది. అక్క చెప్పులైనా విడవకుండా లోపలికొచ్చి, వేళ్లకంటుకున్న బురదతో సహా ఒక మొక్కజొన్న మొక్కని అద్దం పక్కన బల్ల మీద పడేసింది.

"చూడు."

మోకాలెత్తు కూడా లేదు. ఆకులు పసుపుపచ్చగా పాలిపోయాయి. "విత్తనం మంచిది కాదేమో అక్కా" అన్నాడు.

"ఆకులు కాదు రా, వేళ్లు చూడు."

వేళ్లు జానెడు కిందికి దిగి, అక్కణ్నుంచి పక్కకి తిరిగిపోయాయి. గిన్నె అడుగుకి తగిలినట్టు అడ్డంగా పాకి, ఒకదాన్నొకటి చుట్టుకుని ఉన్నాయి.

"వాన వెలిసి తొమ్మిది రోజులైంది. నీళ్లు ఎక్కడివక్కడే నిలబడున్నాయి. కప్పలు కాపురం పెట్టాయి. గడ్డి కాబట్టి బతికింది, జానెడు మట్టి దానికి చాలు. మాకు గడ్డి ఎందుకురా, మేమేం మేస్తామా? ఇంకో నెలలో తనిఖీ. ఆఫీసరు పైన పచ్చదనం చూసి సంతకం కొట్టి పోతే మా బతుకు ఇంతే. ఇన్నేళ్లు ఆయన బస్తాలు మోసింది దీని కోసమేనా?" అక్క బురద చేత్తో బల్ల మీద చరిచింది.

బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒక్క ఎగతాళి మాట కూడా అనలేదు. అది చూసేసరికి రసమట్టం చేతిలోని కత్తి బల్ల మీద పెట్టేశాడు.

తర్వాత ఒళ్లు మండింది. సగం గడ్డంతోనే లేచి నిలబడ్డాడు. "నాకు తెలుసక్కా! పూడ్చేటప్పుడు మధ్యలో వారం రోజులు నేను జ్వరమొచ్చి పడుకోలేదూ? ఆ వారంలోనే చేశారు దొంగవెధవలు. ఎర్రమట్టి ఎక్కడికో తోలేసి, బండలు పూడ్చి, పైన పౌడరు రాసినట్టు నల్లమట్టి రాశారు. ఒక్కొక్కడి తాట తీస్తాను చూడు!"

ఆ పొద్దున్నే గని గేటు ముందు హోటల్లో బల్ల గుద్ది మరీ అరిచాడు. అక్కడున్న నలభై మందీ విన్నారు. మర్నాడు ఇస్త్రీ గదిలోకి తలుపు తోసుకుని వెళ్లి, "మా అక్క చేలో ఏం పూడ్చారు సార్?" అని నిలదీశాడు. ఇస్త్రీ కళ్లద్దాలు తుడుచుకుంటూ, "పూడ్చింది నువ్వే కదయ్యా" అని వెనక గోడ మీది ఫోటో వైపు చెయ్యి చూపించాడు. "అనుమానముంటే తవ్వి చూసుకో. ఎవరొద్దన్నారు?"

అంత ధైర్యంగా తవ్వుకోమంటున్నాడేమిటి అని అప్పుడైనా ఆలోచించాలా వద్దా? కోపం ఆలోచించనిస్తేనా!

ఆ సాయంత్రమే బావనీ, రెండు గునపాల్నీ వెంటేసుకుని చేనుకి వెళ్లాడు. మొక్కజొన్న పక్కనే పోటు వేశాడు. జానెడు దిగి గునపం టంగుమంది. "విన్నావా బావా? బండ! చెప్పానా?" అని మళ్లీ పోటు వేశాడు. మళ్లీ వేశాడు. చెమటలు కక్కుకుంటూ పెళ్లగిస్తే, చేతి వెడల్పు పలక ఒకటి ఊడి వచ్చింది. బండ కాదు. నల్లమట్టి. అక్క మట్టే.

ఇద్దరూ నడుం లోతుకి తవ్వేసరికి చీకటి పడేలా ఉంది. గులకరాయి ఒక్కటి తగల్లేదు. నల్లమట్టి ఉండాల్సిన చోట నల్లమట్టి, ఎర్రమట్టి ఉండాల్సిన చోట ఎర్రమట్టి, చారెడు కూడా ఎటూ పోకుండా అక్కడే ఉంది. కానీ మట్టి మట్టిలా లేదు. జానెడుకో పొరగా అతుక్కుపోయి, పలకలు పలకలుగా ఊడొస్తోంది. రసమట్టం ఒక పలకని తిరగేశాడు. అడుగువైపు నున్నగా మెరుస్తోంది. దాని మీద బుల్‌డోజర్ చెయిన్ అచ్చులు, వరసగా. ఆ వరసలో ఒకచోట అడ్డంగా చిన్న మచ్చ.

ఆ మచ్చ అతనికి తెలుసు. పూడిక పనికి ముందు తన మిషన్ చెయిన్ పలక ఒకటి విరిగితే తనే వెల్డింగ్ పెట్టుకున్నాడు. ఆ అతుకు అచ్చు అది. ఇంకో పలక తీశాడు. అందులోనూ ఉంది. ఎర్రమట్టి పొరలోంచి ఒకటి తీశాడు. అందులోనూ ఉంది. గని మొత్తం మీద అలాంటి మచ్చ వేసే మిషన్ ఇంకోటి లేదు.

రసమట్టం గోతిలోనే కూలబడిపోయాడు.

"ఏమైందోయ్?" అన్నాడు బావ.

"వాళ్లు మట్టి మార్చలేదు బావా. నేను పరిచిందే. పరచడం కాదు... తడిమట్టిని పదేసి సార్లు తొక్కి ఇటుక చేసి పెట్టాను. నాలుగెకరాల ఇటుక. ఇందులో వేరు ఎక్కడ దిగుతుంది? నీళ్లు ఎక్కడ దిగుతాయి?"

బావ ఒక పలక అందుకున్నాడు. చేతిలోని పలకని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నేను చప్పట్లు కూడా కొట్టాను కదోయ్" అన్నాడు చివరికి.

ఆ రాత్రి రసమట్టం తిండి ముట్టలేదు. తెల్లారగానే ఆ పలకని గోనెసంచిలో చుట్టుకుని మళ్లీ ఇస్త్రీ గదికి వెళ్లాడు. ఈసారి అరవలేదు. పలకని బల్ల మీద పెట్టి, "ఇలా తొక్కకూడదని మీకు తెలుసా సార్?" అని అడిగాడు.

ఇస్త్రీ ఆ పలకని కాగితాలకి దూరంగా, పెన్నుతో జరిపాడు. బీరువాలోంచి ఒక ఫైలు తీసి, తొమ్మిదో పేజీ తెరిచి ముందుకి తోశాడు. రసమట్టం వేలు పెట్టుకుని చదివాడు. పరిచిన మట్టి మీద ఏ మిషనూ ఎక్కరాదు. మట్టి తోడి పోసే ఎక్స్‌కవేటరు అడుగునున్న బండల మీదే నిలబడి, వెనక్కి జరుగుతూ మట్టిని వదులుగా పోసుకుంటూ రావాలి. తడిగా ఉంటే పని ఆపేయాలి. అంతా అచ్చులో ఉంది. పూడిక మొదలెట్టడానికి ఏడాది ముందు తేదీ వేసి ఉంది.

"మాకెవరికీ చెప్పలేదే?"

"చెబితే నువ్వు మిషన్ దిగిపోయేవాడివి. ఎక్స్‌కవేటర్లు తెప్పించాలి, వానలు వెళ్లేదాకా కూర్చోవాలి, పని ఆర్నెల్లు సాగేది. నువ్వు నెలలో ముగించావు. నీ సరదా నీది, మా పని మాది. ఎందుకింత ఇదవుతావు?" ఇస్త్రీ నవ్వాడు కూడా. "అన్నట్టు, తనిఖీ రోజు గ్లాసు నడిపించు. పాత ఆఫీసరు పదకొండు చేలకీ నీ గ్లాసు చూసి ముచ్చటపడి సంతకం పెట్టాడు. ఈసారి వచ్చేది కొత్తావిడ. ఆవిడకీ చూపిద్దాం."

వినండి! ఒక మనిషి పనితనాన్ని పట్టుకుని, అతని చేతనే అతని అక్క నోట్లో మట్టి కొట్టించి, ఇప్పుడు దాన్నే ఆటగా ఆడి చూపించమంటున్నాడు. అదీ నవ్వుతూ! రసమట్టానికి ఆ మెడ పట్టుకుని ఊపేయాలనిపించింది. ఆయన తల వెనక ఫోటో కొద్దిగా కుడివైపుకి ఒరిగి ఉంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒరిగిన పటాన్ని చూసి కూడా అతనికి సర్దాలనిపించలేదు.

"సరే సార్. నడుపుతాను" అన్నాడు.

ఈ మాట అక్క చెవిన పడింది. ఇంటికొచ్చి కడిగిపారేసింది. "నడుపుతానన్నావా? ఇంత తెలిశాక కూడానా? సిగ్గూ ఎగ్గూ ఉందా నీకు?" రసమట్టం తలెత్తలేదు. "ఆ రోజు నువ్వూ బావా తప్పకుండా రండక్కా. అప్పగింత కాగితం మీద మీరు సంతకం మాత్రం పెట్టకండి" అన్నాడంతే. అక్క విసురుగా వెళ్లిపోయింది. నెల రోజులు తమ్ముడితో మాట్లాడలేదు.

ఆ నెలలో చినుకు పడలేదు. ట్యాంకర్లు మాత్రం గడ్డిని పచ్చగానే ఉంచాయి. తనిఖీ రోజు గట్టు మీద చిన్న టెంటు వేశారు, కుర్చీలు వేశారు. కొత్త ఆఫీసరు నడివయసు మనిషి. కాళ్లకి మట్టికొట్టుకుపోయిన రబ్బరు బూట్లు, భుజాన సంచీ. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఇస్త్రీ ఆవిడ పక్కనే నడుస్తూ పచ్చదనం చూపించాడు, కాలవలు చూపించాడు, ఫైళ్లు చూపించాడు. తొమ్మిదో పేజీ ఉన్న ఫైలు వాటిల్లో లేదు.

"ఇప్పుడు మా ఆపరేటరు చదును చూపిస్తాడు మేడమ్. మీరు ఎక్కడా చూసి ఉండరు."

"పరిచిన నేల మీదకి మిషన్ ఎందుకండీ?" అని ఆవిడ మొహం చిట్లించింది. ఆ మాట పూర్తయ్యేలోపే మిషన్ కదిలింది.

బానెట్ మీద తువ్వాలు, తువ్వాలు మీద గ్లాసు, గ్లాసు నిండా నీళ్లు. పది అడుగులు నడిచింది. చుక్క తొణకలేదు. ఇస్త్రీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అక్క మొహం పక్కకి తిప్పేసుకుంది. అప్పుడు రసమట్టం పక్కనున్న లివరు కిందికి నొక్కాడు.

బుల్‌డోజర్ వెనక, బండల్ని చీల్చడానికి, మనిషి ఎత్తు ఇనప కోర ఒకటి ఉంటుంది. పొలంలో దాన్ని ఎప్పుడూ దించరు. అది దిగింది. ఇంజను రంకె వేసింది. మిషన్ గడగడా వణికింది, గ్లాసు ఊగింది, నీళ్లు ఎగిరి బానెట్ మీద పడ్డాయి, గ్లాసు దొర్లి చెయిన్ల కింద పడి ముక్కలైంది. వెనక నేల పెళపెళమంటూ పైకి లేస్తోంది. పచ్చగడ్డి చాపలా లేచి చిరిగిపోతోంది, దాని కింద నుంచి తలుపులంత పలకలు నిలువుగా లేచి ఒకదాని మీదొకటి విరుచుకు పడుతున్నాయి.

"ఆపు! ఆపరా! పిచ్చెక్కిందా నీకు?" ఇస్త్రీ పరిగెత్తాడు. మొదటిసారి ఆయన చొక్కా నలగడం అందరూ చూశారు.

రసమట్టం ఆపలేదు. చేను ఆ చివరిదాకా వెళ్లి, అప్పుడు ఆపి, దిగి, సీటు వెనకనుంచి ఒక ఇనప ఊచ తీసుకుని తిన్నగా ఆఫీసరు దగ్గరికి నడిచి వచ్చాడు. ఊచ ఆవిడ చేతికిచ్చాడు.

"చీల్చని చోట గుచ్చి చూడండి మేడమ్. తర్వాత చీల్చిన చోట గుచ్చండి."

ఆవిడ గుచ్చింది. చీల్చని చోట జానెడు దిగి ఆగిపోయింది. బరువంతా వేసినా కదల్లేదు. చీల్చిన చాలులో మోచేతి లోతుకి దిగింది. ఆవిడ వంగి ఒక పలక ఎత్తి తిరగేసి, ఆ చెయిన్ అచ్చుల మీద వేలితో రాసింది.

"ఇలా ఎవరు తొక్కించారు?"

"నేనేనండీ" అన్నాడు రసమట్టం. అందరికీ వినపడేలా గట్టిగానే అన్నాడు. "ఈ మిషన్‌తోనే. వానలో. ఇది మా అక్క చేనని మిగతావాటికంటే ఎక్కువే తొక్కాను. అద్దంలా ఉండాలనుకున్నాను. అద్దంలా చేశాను. ఇందులో ఏమీ పండదు."

అక్క మొహం ఇటు తిప్పింది.

ఇస్త్రీ రొప్పుతూ వచ్చి అందుకున్నాడు. "చూశారా మేడమ్, వాడే ఒప్పుకున్నాడు. పూర్తిగా ఆపరేటరు తప్పు. అలా తొక్కమని వాడికి ఎవరూ చెప్పలేదు."

"తొక్కకూడదని చెప్పారా?"

"అది... అది కూడా..."

"రూల్సు పుస్తకం మీ ఆఫీసులో ఉంటుంది కదండీ. ఆయనకి ఎందుకు చెప్పలేదు?"

ఇస్త్రీ చేతిలోని ఫైళ్లు సర్దుకోవడం మొదలెట్టాడు. బావ ఉండబట్టలేకపోయాడు. "తొమ్మిదో పేజీ అటండీ. బీరువాలో భద్రంగా ఉంది. నలగకుండా" అన్నాడు. కూలీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆఫీసరు టెంట్లో కూర్చుని అప్పుడు రాసింది. సాగుకి పనికిరాదు. అప్పగింత చెల్లదు. ఎండాకాలంలో చేనంతా నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి లోతుగా చీల్చాలి. లోతుకి వేళ్లు దిగే పైరు రెండు పంటకాలాలు వేసి దున్నేయాలి. ఆ తర్వాతే మళ్లీ తనిఖీ. ఖర్చూ బాధ్యతా కంపెనీదే.

మూడో రోజు రసమట్టానికి ఉద్యోగం పీకేస్తూ ఉత్తరం వచ్చింది. 'అప్పగింతకు సిద్ధంగా ఉన్న నేలను ధ్వంసం చేసినందుకు' అని రాశారందులో. ధ్వంసం! కడుపు మండిపోదూ? నాలుగెకరాల్ని ఇటుక చేస్తే ఫోటో తీసి గోడకి తగిలించారు, ఒక్క చాలు చీల్చి ఊపిరాడేలా చేస్తే ధ్వంసమట! అతని భార్య ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, "దీనికి ఫ్రేము కట్టించండి. ఆ ఫోటోకంటే ఇదే నయం" అంది. నిజంగానే కట్టించింది.

ఎండలు ముదిరాక కంపెనీ ఇంకో డ్రైవర్ని పంపింది. రసమట్టం జీతం లేదు, భత్యం లేదు, అయినా పొద్దున్నే గొడుగేసుకుని గట్టు మీద కూర్చునేవాడు. ఆ డ్రైవరు అలవాటు కొద్దీ బ్లేడు దించి మిట్టలు సర్దబోతే, గొడుగు విసిరేసి పరిగెత్తేవాడు. "వదిలెయ్! ఎగుడుదిగుడుగానే ఉండనీ! సర్దావంటే నీ కాళ్లు విరగ్గొడతా!" అది విని బావ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాడు. "ఎవరంటున్నార్రా ఆ మాట! రసమట్టమే?"

రెండు పంటకాలాలు పైరు వేసి దున్నేశారు. మూడో పంటకి అక్క మొక్కజొన్న వేసింది. ఓ పొద్దున మళ్లీ చెప్పులు విడవకుండా వచ్చి, మళ్లీ అదే బల్ల మీద ఒక మొక్కని పెట్టింది. ఈసారి పడేయలేదు, పెట్టింది. వేరు మూరెడు ఉంది. పక్కకి తిరగలేదు, నిలువుగా దిగింది.

"అంతటా ఇలా లేదు. పల్లం వైపు ఇంకా నీళ్లు నిలుస్తున్నాయి. కానీ చస్తున్న చేను కాదు" అంది అక్క. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఒరేయ్, మిగతా పదకొండు చేల సంగతేంటి?"

ఆ మాటే రసమట్టం తనిఖీ రోజు ఆఫీసర్నీ అడిగాడు. సంతకాలు పడిపోయినవాటికి తన చేతిలో ఏమీ లేదందావిడ. కంపెనీ చేతులు దులుపుకుని ఇంకో గని తెరిచింది. ఆ పదకొండు చేలవాళ్లూ ఏటా విత్తుతున్నారు, ఏటా పసుపుపచ్చటి మొక్కల్ని చూసుకుంటున్నారు. ఎందుకో తెలియక.

"వాళ్లకి చెప్పావా?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పనక్కా?"

"ఉన్న మొహమే పెట్టుకుని చెప్పు" అంది అక్క. లేచి మూలనున్న ఇనప ఊచ తెచ్చి అతని ఒళ్లో పెట్టింది.

మొదటి ఇంట్లో ఒక ముసలి రైతు. వసారాలో బల్ల మీద కూర్చుని పాత బూట్లు కుట్టుకుంటున్నాడు. రసమట్టం మెట్టు కిందే నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, ఆపకుండా చెప్పేశాడు. మీ చేను పూడ్చింది నేను. తొక్కి పాడు చేసింది నేను. మీ తప్పేం లేదు, విత్తనం తప్పూ లేదు. జానెడు కింద ఇటుక ఉంది. లోతుగా చీల్చాలి, ఎలా చీల్చాలో నేనొచ్చి చూపిస్తాను.

ముసలాయన సూది ఆపేశాడు. రసమట్టం తిట్ల కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

"నాలుగేళ్లయ్యా" అన్నాడు ముసలాయన మెల్లగా. "నాలుగేళ్లనుంచి ఒక్క గింజ చేతికి రాలేదు. యాభై ఏళ్లు చేసిన సేద్యం నేనే మర్చిపోయాననుకున్నాను. వయసైపోయింది, బుర్ర పనిచేయడం లేదనుకున్నాను. ఇంట్లో కూడా అదే అంటారు. పోయినేడు నాగలి అమ్మేశాను."

"నన్ను తిట్టండి పెద్దాయనా."

"తిడతాలే, అదెక్కడికి పోతుంది? ముందు ఇలా లోపలికి రా." గోడ పట్టుకుని లేచాడు. లోపలికి తిరిగి గట్టిగా కేకేశాడు. "ఏమేవ్! ఆ పని వదిలేసి ఇటు రా! తప్పు నాది కాదంట!"

లోపల్నుంచి ముసలావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "చెప్పవయ్యా, నాకు చెప్పిందంతా చెప్పు. నేను చెబితే నమ్మదు" అన్నాడు ముసలాయన. రసమట్టం ఊచని గోడకి ఆనించి, మొదటినుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టాడు.